వార్షిక నివేదిక: శ్రీలంక యాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారం. ఉగాది వేడుకలు, రక్తదాన శిబిరం, ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది కాస్త వివరంగా చెప్పుకోవాల్సింది శ్రీలంక యాత్ర గురించే.

ఎండ ముదరకముందే సిగిరియ ఎక్కడం మొదలుపెట్టాం. తండ్రిని చంపి గద్దెనెక్కిన కాశ్యపుడు, తమ్ముడు దండెత్తి వస్తాడన్న భయంతో 5వ శతాబ్దంలో ఈ బండ మీద కోట కట్టుకున్నాడని చెబుతారు. మెట్లు 1,200 దాకా ఉంటాయి. దారిలో ఇనుప మెట్లెక్కితే కొండ గోడ మీద అందగత్తెల చిత్రాలు కనిపిస్తాయి. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. అదీ మంచిదే, అందరూ ఫోన్లు జేబులో పెట్టి తీరిగ్గా చూశారు. ఆ పక్కనే నున్నటి అద్దం గోడ. వెయ్యేళ్ల కిందట వచ్చినవాళ్లు ఆ చిత్రాలను చూసి మురిసిపోయి దాని మీద సింహళంలో పద్యాలు గీకి వెళ్లారు. ఇప్పుడు గీకితే కేసే! మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాతి సింహం పాదాల దగ్గర ఆగిపోయినా, చూడాల్సినవి చాలావరకు చూసేసినట్టే. పైన ఉన్నవి పునాదులు, ఒక కొలను, బోలెడంత గాలి.

కాండీలో బుద్ధుడి దంతం ఉంచిన గుడి, దంతాలయం దగ్గర రద్దీ ఎక్కువ. పక్కనే చెక్కుడు స్తంభాల కొలువు మండపం మాత్రం ఖాళీగా ఉంది. 1815లో కాండీ రాజ్యాన్ని బ్రిటిష్‌వాళ్లకు అప్పగించిన ఒప్పందం అక్కడే జరిగింది. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు తెలుగు మూలాలున్న నాయకర్ వంశంవాడు. ఆయన్ని వేలూరుకు పంపేశారు, 1832లో అక్కడే పోయారు. ఆసుపత్రి పనుల మీద వేలూరు వెళ్లొచ్చే మనవాళ్లలో ఆయన సమాధి చూసినవాళ్లు ఎంతమంది?

కొండల మీది జాతీయ పార్కు హార్టన్ ప్లెయిన్స్‌లో గేటు దగ్గరే సంచులు వెతికి, పులిహోర ప్యాకెట్ల ప్లాస్టిక్ కవర్లన్నీ తీయించారు. ‘వరల్డ్స్ ఎండ్’ అనే కొండ అంచు చేరేసరికి మంచు కమ్మేసింది. కింద 800 మీటర్లకు పైగా లోతు ఉందట, మాకు కనిపించింది తెల్లటి తెరే. అక్కడ పొద్దు కాస్త ఎక్కితే మబ్బులు కమ్ముకుంటాయి. మన బస్సేమో ఆలస్యంగా కదిలింది.

షాపింగ్‌కు టైమివ్వలేదని కొందరు సభ్యులు అలిగారు. చూసే చోట్లు తగ్గించి, ఒక్కోచోట సగం పూటైనా ఉండాలన్నదే కమిటీ అభిప్రాయం. వచ్చే యాత్రకు పేర్లిచ్చేవాళ్లు మెట్లెక్కగలరో లేదో ముందే రాసిస్తే గదులు, బస్సులు అందుకు తగ్గట్టు చూస్తాం. ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి