గ్యారీ ఎమర్సన్ స్కూలు: ఒకే బెంచీ, రెండు జట్లు

అందరికీ నమస్కారం. షిఫ్టు బడుల గురించి అడిగినవాళ్ళ కోసం ఈ వివరం.

గ్యారీ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో యూఎస్ స్టీల్ కంపెనీ 1906లో వేసిన ఊరు. అక్కడ 1909లో ఎమర్సన్ స్కూలు తెరిచారు. ఊళ్ళోని బడుల సూపరింటెండెంట్ విలియం విర్ట్ పిల్లల్ని రెండు జట్లు చేశాడు. ఒక జట్టు గదిలో లెక్కలు చేసుకుంటుంటే రెండోది వర్క్‌షాపులోనో, ఆటస్థలంలోనో, ఆడిటోరియంలోనో ఉంటుంది. తర్వాత అటువాళ్ళు ఇటు. మన ఒంటిపూట బడి లాంటిది కాదిది, రెండు జట్లూ రోజంతా బళ్ళోనే. బెంచీ ఖాళీగా ఉండదు కాబట్టి అదే భవనంలో దాదాపు రెట్టింపు పిల్లలు పడతారు. కిటుకంతా టైంటేబుల్లోనే. ఒక పీరియడ్ జారిందా, రెండు జట్లూ ఒకే గుమ్మం దగ్గర గుమిగూడతాయి.

న్యూయార్క్‌లో ఇదే పద్ధతి మొదలుపెడితే, మా పిల్లల్ని ఫ్యాక్టరీ కూలీల్ని చేస్తారా అంటూ 1917లో జనం వీధికెక్కారు. అక్కడ దాన్ని ఎత్తేశారు.

ఇంకో సంగతి దాటేయకూడదు. 1927 సెప్టెంబరులో కొద్దిమంది నల్లజాతి పిల్లలను ఎమర్సన్‌లో చేర్చినందుకు వందలమంది తెల్లజాతి విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. ఊరి పెద్దలు సర్దిచెప్పాల్సింది పోయి లొంగిపోయారు. ఆ తర్వాతే నల్లజాతి పిల్లలకంటూ రూజ్‌వెల్ట్ హైస్కూలు వచ్చింది.

ఎమర్సన్ 2008లో మూతపడింది.