7,39,39,133 గురించి నీకు చెప్పాలి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్లో సగంలో ఆగిపోయిన సంగతి ఇది. సెలవులకి మేనకోడలు వచ్చింది. బడిలో ఒడియా మీడియమే గానీ, ఎక్కాలు మాత్రం నా దగ్గర తెలుగులోనే చెప్తుంది. నిన్న సాయంత్రం కరెంటు పోతే ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. దాని పలక తీసుకుని 7,39,39,133 అని రాశాను. ఒకసారి పైకి చదువు: ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. నోటికి ఎంత బాగుందిరా!

ఇది ప్రధాన సంఖ్య, అంటే 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా పోదు. చివరి 3ని తడివేలితో తుడిచేస్తే మిగిలిన 73,93,913 కూడా ప్రధానమే. మళ్లీ తుడువు, 7,39,391. మళ్లీ తుడువు, 73,939. అలా 7393, 739, 73, ఆఖరికి 7. పలక ఖాళీ అయ్యేదాకా ఒక్కటీ తప్పలేదు. 7393ని మాత్రం చేత్తోనే చూశాం. 86 వర్గం 7396, అంటే 7393 ప్రధానం కాకపోతే 86 కంటే చిన్న ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దాన్ని భాగించి తీరాలి, కాబట్టి 83 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. మొత్తం 23 భాగహారాలు. బలపం అరిగిపోయింది గానీ పిల్ల లేవలేదు. పెద్దవాటికి ఫోన్ వాడాం.

ఇలా కుడినుంచి తుడుచుకుంటూ పోయినా ప్రధానంగానే మిగిలేవి మొత్తం 83 ఉన్నాయి. ఎనిమిది అంకెలవి ఐదే. అన్నిటికంటే పెద్దది ఇదే, దీని తర్వాత లేదు. “ఎందుకు లేదు మామయ్యా?” అంది. అక్కడే నాకు అసలు ఆనందం!

చివర 1, 3, 7, 9 తప్ప ఇంకేది తగిలించినా 2 గానీ 5 గానీ భాగించేస్తుంది. ఇక 3 సంగతి చూడు. మొదటి 7ని 3తో భాగిస్తే శేషం 1. తర్వాత 3లు, 9లు ఎన్ని చేర్చినా ఆ శేషం కదలదు. 1 గానీ 7 గానీ చేరిస్తే శేషం 2 అవుతుంది. ఇంకోటి చేర్చావా, 3తో నిశ్శేషంగా పోతుంది! అందుకే చూడు, మొదటి 7 తర్వాత ఒకే ఒక్క 1, మిగతావన్నీ 3లూ 9లే. ఆ ఒక్క అవకాశం అయిపోయింది కాబట్టి చివర ఇక 1, 7 కుదరవు. 3, 9 చేర్చి చూసినా వచ్చేవి ప్రధానాలు కావు. దారి మూసుకుపోయింది.

ఇదంతా విని పిల్ల కాసేపు పలకనే చూసింది. “అయితే 2తో మొదలైతే 1, 7 అసలు రాకూడదుగా?” అంది. నేను చెప్పలేదురా, తనే పట్టుకుంది! నిజమే, 2,93,99,999 ఆ ఐదింటిలో ఒకటి. దాన్లో మొదటి 2 తర్వాత 3, 9 తప్ప ఇంకో అంకె లేదు.

5,93,93,339 కూడా ఆ ఐదింటిలోదే. దాన్ని నువ్వు తుడుచుకుంటూ రా. 5939 దాకా చేత్తో చెయ్యి, 77 వర్గం 5929 అని గుర్తుపెట్టుకో. వచ్చే ఆదివారం పిల్ల నీకు ఫోన్ చేసి అడుగుతుందట. ఈ నెలలో పాతపట్నం దాకా వస్తే మా ఇంటికి రాకుండా వెళ్లకు, పలక అలాగే ఉంచాం.

నీ
బుజ్జి