గర్భిణుల నడకకు కార్డులో ఒక మాట, మెట్లకు ఒక రెయిలింగ్

సంపాదకుడికి,

ఆర్యా,

నెల తప్పిందని తెలియగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ‘నువ్విప్పుడు వట్టి మనిషివి కాదు, అటూ ఇటూ తిరక్కు’. ఆ మాటలో ఉన్నది ప్రేమే. కానీ డాక్టరు చెప్పకుండా ఇంట్లోవాళ్లే పెట్టే మంచం విశ్రాంతి గర్భాన్ని నిలబెడుతుందనడానికి ఆధారం లేదు. నష్టం మాత్రం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. కాళ్లు కదలకపోతే పిక్కల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఇంకా ఎక్కువవుతుంది. కండ తగ్గుతుంది, నడుం నొప్పి ముదురుతుంది, రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది.

ఏ చిక్కూ లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. అలవాటు లేనివాళ్లు మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికో ఐదు నిమిషాలు పెంచుకుంటే చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. మాట తెగుతుంటే వేగం తగ్గించాలి. అరగంట ఒక్కసారే నడవలేకపోతే మూడు పూటలా భోజనం తర్వాత పది నిమిషాల చొప్పున నడవండి. మూడు పూటలా అన్నం తినే ఇళ్లలో ఇది మరీ మంచిది, తిన్నాక పెరిగే చక్కెరను ఆ నడక తగ్గిస్తుంది.

విశాఖలో అసలు చిక్కు ఉక్కపోత. గాలిలోనే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. మొదటి మూడు నెలల్లో ఒళ్లు విపరీతంగా వేడెక్కడం బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే దశకు మంచిది కాదు. అందుకే ఉదయం ఏడులోపు, లేదా పొద్దు వాలాక నడవాలి. పరగడుపున వద్దు, అరగంట ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తినండి. చేతిలో నీళ్ల సీసా ఉండాలి. ఆర్కే బీచ్‌కి వెళ్తే ఇసుకలోకి దిగకుండా పేవ్‌మెంట్ మీదే నడవండి. గర్భంలో కీళ్లను పట్టి ఉంచే కట్లు వదులవుతాయి, పొట్ట ముందుకు రావడంతో ఒంటి తూకం మారుతుంది. మెత్తటి ఇసుకలో మడమ తేలిగ్గా మడతపడుతుంది. వేలి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్నవి, పాదాలు వాచినా బిగియనివి వేసుకోవాలి.

మొదటి మూడు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని వ్యాయామం చేయకూడదు. గర్భసంచి వెనకనున్న పెద్ద సిరను నొక్కితే గుండెకు చేరే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. నెలలు నిండాక గచ్చు తుడిస్తే సుఖప్రసవం అవుతుందన్నది నమ్మకమే. కటి దగ్గర నొప్పి ఉన్నవాళ్లకు ఆ పని నొప్పిని పెంచుతుంది కూడా.

అందరికీ నడక కుదరదు. గర్భసంచి ముఖద్వారం వదులై కుట్టు వేసినవాళ్లు, ఏడో నెల దగ్గరపడినా మాయ (ప్లాసెంటా) గర్భసంచిలో కిందికే ఉన్నవాళ్లు, బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లు, తీవ్ర రక్తహీనత, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఆసుపత్రి డాక్టర్లకు మా మొదటి కోరిక ఇక్కడే ఉంది. మాయ కిందికి ఉందన్న సంగతి స్కానింగ్ రిపోర్టులో ఇంగ్లిషులో ఉండిపోతుంది. గర్భిణికి తెలిసేది ‘రెస్ట్ తీసుకోమ్మా’ అన్న మాట ఒక్కటే. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత గర్భిణీ పరీక్షలు జరుగుతాయి కదా. ఆ రోజు తల్లీబిడ్డల కార్డు మీద ‘నడవవచ్చు’, ‘వద్దు’, ‘ఇంతవరకే’ అని తెలుగులో ఒక్క ముక్క రాయండి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, ఛాతీ నొప్పి, తల తిరగడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం – వీటిలో ఏది కనిపించినా నడక ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలని కూడా దాని కిందే రాయాలి.

రెండో కోరిక విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి. బీచ్ రోడ్డు అందరికీ దగ్గర కాదు. కొండవాలు కాలనీల్లో గర్భిణి గడప దాటితే కాలు పెట్టేది మెట్ల మీదే. పొట్ట పెరిగాక దిగేటప్పుడు పాదం కింది మెట్టు ఆమెకు కనబడదు. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వానకు మెట్లు నాచు పడతాయి. ఈ మెట్లకు ఒక పక్కన నడుమెత్తు రెయిలింగ్, మలుపు దగ్గర దీపం, కూర్చోవడానికి ఒక అరుగు కావాలి. పార్కుల్లో మరుగుదొడ్లకు ఉదయం ఐదున్నరకే తాళం తీయించాలి. గర్భిణికి తరచూ అవసరం పడుతుంది. అక్కడ తలుపు మూసి ఉంటే ఆమె మర్నాడు నడకకు రాదు.

– ఫిజియోథెరపిస్టులు, విశాఖపట్నం