పాటల పోటీలో వయసు పరిమితి ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా పిన్నికి 43 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో, జాతరల్లో ఆర్కెస్ట్రాతో పాడుతోంది. మొన్న ఒక పాటల పోటీకి దరఖాస్తు నింపుతూ ‘వయసు 16 నుంచి 30’ అన్న చోట పెన్ను ఆపేసింది. కాగితం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి, వంటకు లేచింది. ఆ రోజు నుంచి నాకు షారన్ జోన్స్ గుర్తొస్తూనే ఉంది.

షారన్ అమెరికాలో ఫంక్ గాయని. డ్రమ్స్, బేస్ గిటార్ వాయింపుకి కాలు ఊరుకోని నల్లజాతి సంగీతం అది. 1956లో జార్జియా రాష్ట్రం అగస్టాలో పుట్టి, న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లో పెరిగింది. చర్చిలో పాడింది, మా పిన్నిలాగే పెళ్లి బ్యాండుల్లోనూ పాడింది. మరీ నలుపు, పొట్టి, లావు, వయసు మీరింది అంటూ రికార్డు కంపెనీ వాళ్లు తనను వద్దన్నారని ఆమే చెప్పేది. పొట్టకూటి కోసం రైకర్స్ ఐలండ్ జైల్లో గార్డుగా చేసింది, డబ్బు తరలించే వ్యానుకు కాపలా కాసింది.

1996లో ఒక రికార్డింగుకు కోరస్ కోసం ముగ్గురిని పిలిస్తే ఈమె ఒక్కతే వచ్చింది. మూడు గొంతుల పాటా తానే పాడేసింది! అప్పటికామెకు నలభై. మొదటి ఆల్బమ్ రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఆమె బృందం డాప్ కింగ్స్‌నే తర్వాత బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ ఆల్బమ్‌కీ పిలిచారు.

2013లో క్యాన్సర్ బయటపడింది. కీమోతో జుట్టంతా ఊడిపోయింది. 2014 ఫిబ్రవరిలో న్యూయార్క్ బీకన్ థియేటర్ స్టేజీ మీదికి విగ్గు లేకుండా, గుండుతోనే వచ్చి పాడింది, చిందేసింది. ఆ ఏడాది ఆల్బమ్‌కు గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. 2016 నవంబర్ 18న, అరవై ఏళ్లకు కన్నుమూసింది. మొదటి ఆల్బమ్ నుంచి లెక్కేస్తే ఆమెకు దక్కింది పద్నాలుగేళ్లు.

పిల్లల్ని ప్రోత్సహించాలనే ఈ పరిమితి పెడతారని తెలుసు. పెట్టుకోండి. పక్కనే ముప్పై దాటినవాళ్లకూ ఒక విభాగం పెట్టండి. సంసారాల వల్ల, ఉద్యోగాల వల్ల ఆలస్యమైనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంతమందో ఉన్నారు. టీవీ చానళ్లనూ, పోటీలు నడిపే సాంస్కృతిక సంఘాలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా పిన్ని దరఖాస్తు ఇంకా ఆ డబ్బా మీదే ఉంది.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం