రెండో బ్యాటరీ సంగతి ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది వైజాగ్ అక్కయ్యపాలెం. మా ఆయన ఎలక్ట్రిక్ స్కూటర్ మీద రోజూ గాజువాక వెళ్లొస్తారు, మూడేళ్లు బానే నడిచింది, తర్వాత ఛార్జింగ్ సగం దారిలోనే అయిపోతోందని సర్వీస్ సెంటర్లో అడిగితే కొత్త బ్యాటరీకి వాళ్లు చెప్పిన రేటు విని బండే అమ్మేద్దామనుకున్నాం. ఎవరో చెప్పారని ఊళ్లోనే ఒక షాపులో సగం ధరకి చేయించారు. బిల్లు లేదు, తెల్లకాగితం మీద 6 నెలల వారంటీ అని రాసి ఫోన్ నంబరేశాడు, అంతే.

నాలుగో నెల్లో ఓ రాత్రి హాల్లో ఛార్జింగ్ పెడితే నెయిల్ పాలిష్ లాంటి వాసనొచ్చింది. చూస్తే డబ్బా ఒకవైపు మెత్తబడి వంగిపోయింది. మెయిన్ ఆపేసి పిల్లల్ని లాక్కుని కిందకి పరిగెత్తాం. అదృష్టం, అంటుకోలేదు. తర్వాత మెకానిక్ విప్పితే లోపల మూడు రంగుల సెల్స్, పాత లాప్‌టాప్‌లవంట.

రూల్స్ లేవా అంటే ఉన్నాయండి. 2022 ఏప్రిల్లో విజయవాడ సూర్యారావుపేటలో పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు, ముందురోజే కొన్న బండి. సెప్టెంబర్లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, మంటలంటుకుని 8 మంది పోయారు. ఆ డిసెంబర్ నుంచే కేంద్రం ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీల భద్రతకి ఉన్న ఏఐఎస్-156 అనే స్టాండర్డ్‌ని గట్టి చేసింది, నీళ్లలో ముంచి పరీక్ష, వేడెక్కితే హెచ్చరిక, సెల్ ఎప్పుడు తయారైందో తేదీ, అన్నీ ఉన్నాయి. కానీ అవన్నీ కంపెనీ నుంచి బండితో పాటు వచ్చే బ్యాటరీకి. మూడేళ్ల తర్వాత సందులో కొనే రెండో బ్యాటరీని అడిగే నాథుడు లేడు. మన ఉప్పు గాలికి ఇనప గేట్లే నిలవవు, ఇక ఆ బ్యాటరీ లోపలి అతుకులెంత.

న్యూయార్క్ సిటీలో 2023లోనే చట్టం చేశారు, టెస్టింగ్ సర్టిఫికెట్ లేని ఈ-బైక్ బ్యాటరీ అమ్మకూడదు, వాడేసిన సెల్స్ పీకి కొత్త ప్యాక్ కట్టకూడదు. మనకీ అదే కావాలి, అమ్మే షాపువాడే బాధ్యుడవ్వాలి. చవక బ్యాటరీలతో బండి నడుపుకునే డెలివరీ కుర్రాళ్ల పొట్ట కొడతారా అని కొందరంటారు, మరి షెడ్డులో వెల్డింగ్ చేసిన గ్యాస్ సిలిండర్ చవగ్గా ఇస్తానంటే ఇంట్లో పెట్టుకుంటామా? అయితే ధర మాట నిజమే. ఎలక్ట్రిక్ బండికి జీఎస్టీ 5 శాతం, అదే లిథియం బ్యాటరీ విడిగా కొంటే 18 శాతం, ఇదేం లెక్కో నాకైతే అర్థం కాదు. మంచి బ్యాటరీ మీద పన్ను తగ్గిస్తే సగం మంది ఆ సందుల్లోకే పోరు.

ఇప్పుడా డబ్బా మా మేడ మీద ఇసక తొట్టెలో ఉంది. పాత బ్యాటరీని తయారుచేసినవాళ్లే వెనక్కి తీసుకోవాలని 2022లో రూల్స్ వచ్చాయి, దీని మీద ఎవరి పేరూ లేదు కదా, ఎవరికివ్వాలి? మొన్న పాత సామాన్లవాడు కేజీ లెక్కన ఇచ్చేయమ్మా అన్నాడు. మళ్లీ ఎవరి ఇంటికి చేరుతుందోనని ఇవ్వలేదు.

ఒక పాఠకురాలు,
విశాఖపట్నం