అబ్ఖాజియాను మాస్కో ఫైలులో కలిపేయకండి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి డాక్టర్ ఎస్. జైశంకర్ గారికి,

హైదరాబాద్ నుంచి నమస్కారాలు.

2021 జూలైలో మీరు జార్జియా రాజధాని తబిలిసి వెళ్లారు. గోవాలో దొరికిన, పదిహేడో శతాబ్దపు జార్జియా రాణి కేతెవాన్ అస్థికల్లో ఒక భాగాన్ని అక్కడి ప్రజలకు మీ చేతులతో అప్పగించారు. ఆ దేశానికి వాయవ్య మూలన, నల్లసముద్రం ఒడ్డున, జార్జియా నుంచి విడిపోయానని చెప్పుకునే అబ్ఖాజియా ఉంది. మన దేశం దాన్ని దేశంగా గుర్తించలేదు. గుర్తించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అక్కడి మనుషుల చేతుల్లోంచి వాళ్ల నిర్ణయాలు ఒక్కొక్కటిగా రష్యా చేతుల్లోకి జారిపోతున్నాయి. మన ప్రభుత్వం ఆ సంగతి పట్టించుకోవాలని, దాని గురించి ఒక మాట బాహాటంగా చెప్పాలని అడుగుతున్నాను.

ఎక్కడి కాకసస్ కొండలు, ఎక్కడి హైదరాబాద్ అని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడ ప్రతి బస్తీలో ఒకరిద్దరు పిల్లలైనా తబిలిసిలోనో బతూమిలోనో రష్యాలోనో ఎంబీబీఎస్ చదువుతున్నారు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే ఆ ఊళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి. అదొక కారణం. ఇంకో కారణం నా వృత్తి. నిజాం, ఈస్టిండియా కంపెనీ ఒడంబడికలను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పినవాణ్ని. అబ్ఖాజియా వార్తలు చదువుతుంటే ఆ పాఠం మళ్లీ కళ్ల ముందు నడుస్తున్నట్టు ఉంది.

1798లో నిజాం తన దగ్గరున్న ఫ్రెంచి సేనాధిపతుల దళాన్ని రద్దు చేసి కంపెనీ సైన్యాన్ని రక్షణకు పెట్టుకున్నాడు. 1800లో ఆ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను రాసిచ్చాడు. రాయలసీమకు దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందని ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు. 1853లో సైన్యం బాకీ పేరుతో బేరారు (ఇప్పటి మహారాష్ట్రలో ఉంది) పోయింది. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని శాశ్వత కౌలుగా మార్చాడు. చివరి నిజాం బేరారు తిరిగి ఇవ్వమని అడిగితే, 1926 మార్చిలో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ జవాబు రాశాడు: బ్రిటిష్ చక్రవర్తి అధికారమే ఈ దేశంలో సర్వోన్నతం, ఏ సంస్థానాధీశుడూ సమాన హోదాలో చర్చలకు రాలేడు. అప్పటికి నిజాంకు సొంత నాణెం ఉంది, సొంత తపాలా ఉంది, తన పేరున రైల్వే కూడా ఉంది. ఏది ఎవరికి ఇవ్వాలో చెప్పే అధికారం మాత్రం కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి ఎప్పుడో చేరిపోయింది.

నిజాం పోయాడని నాకు బెంగ లేదు. ఆయన సార్వభౌమాధికారంలో వెట్టి చేసిన రైతుకు వాటా ఎప్పుడూ లేదు. నేను చెప్పేది ఒడంబడికలు పనిచేసే తీరు గురించి. ముందు రక్షణ వస్తుంది, దాని వెనుక ఖర్చు, ఖర్చు వెనుక బాకీ. బాకీ తీర్చలేనివాడు సంతకం పెట్టక ఏం చేస్తాడు?

అబ్ఖాజియాకు ఇది మొదటిసారి కూడా కాదు. 1810లో వాళ్ల రాజు రష్యా చక్రవర్తి రక్షణ కిందికి వెళ్లాడు. 1864లో ఆ సంస్థానాన్నే రద్దు చేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో తిరుగుబాట్లు, యుద్ధాల మధ్య అబ్ఖాజులు పెద్ద సంఖ్యలో ఒట్టోమన్ సామ్రాజ్యానికి వలసపోయారు, ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఈనాటికీ టర్కీలో వాళ్ల వారసులు ఉన్నారు.

ఈ కాలపు కథ 1992 ఆగస్టులో మొదలైంది. సోవియట్ యూనియన్ కూలిన మరుసటి ఏడాది జార్జియా దళాలు అబ్ఖాజియా రాజధాని సుఖుమిలోకి వచ్చాయి. ఆ అక్టోబరులో సుఖుమిలోని అబ్ఖాజియా ప్రభుత్వ ఆర్కైవ్స్ తగలబడిపోయింది. జార్జియా పక్షం సాయుధులే కాల్చారు. మా తార్నాక ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు ఇంకా భద్రంగా ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు. వాళ్ల చరిత్ర కాగితాలు ఒక్క రోజులో బూడిదయ్యాయి. మరుసటి సెప్టెంబరు 27న సుఖుమి అబ్ఖాజుల వశమైంది. ఆ తర్వాత జరిగింది అంతకంటే ఘోరం. రెండు లక్షల మందికి పైగా జార్జియన్లు ఇళ్లు వదిలి పారిపోయారు. 1989 జనాభా లెక్కల్లో అబ్ఖాజియా జనం సుమారు 5 లక్షల 25 వేలు. అందులో అబ్ఖాజులు 18 శాతం లోపే, జార్జియన్లు 45 శాతం పైనే. ఆర్కైవ్స్ కాలడం, జార్జియన్లు పారిపోవడం, ఈ రెండు సంగతుల్లో ఏ ఒక్కటి దాచినా అబ్ఖాజియా అర్థం కాదు. జార్జియా అంటే అబ్ఖాజులకు ఎందుకంత భయమో మొదటిది చెబుతుంది. రెండోది, ఆ భయం ఎవరి ఇళ్ల మీద పడిందో చెబుతుంది.

ఆ భయానికి మందు రష్యా దగ్గరే దొరికింది. 2008లో రష్యా, జార్జియా మధ్య జరిగిన యుద్ధానికి ముందే అక్కడ అత్యధికులకు రష్యా పాస్‌పోర్టులు అందాయి. 2008 ఆగస్టు 26న రష్యా అబ్ఖాజియాను దేశంగా గుర్తించింది. ఆ దారిన నడిచిన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. పసిఫిక్ ద్వీపాలైన తువాలు, వనువాటు గుర్తించి మళ్లీ వెనక్కి తీసుకున్నాయి. 1993 నుంచి అక్కడున్న ఐక్యరాజ్యసమితి పరిశీలకుల బృందం 2009లో రష్యా వీటోతో మూతపడింది. 2010లో అబ్ఖాజియాలోని గుదౌతాలో రష్యా సైనిక స్థావరానికి 49 ఏళ్ల ఒప్పందం కుదిరింది. 2014 నవంబరులో రష్యా నగరం సోచీలో కూటమి, వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాంతో సైన్యాల ఉమ్మడి దళం వచ్చింది. విదేశాంగ విధానం కలిసి నడపాలి, చట్టాలు రష్యాకు దగ్గర చేయాలి. వాడే డబ్బు రూబుల్, ఫోన్ కోడ్ రష్యాదే. పింఛన్లలో, జీతాల్లో రష్యా వాటా పెద్దది. జెండా, పార్లమెంటు, అధ్యక్షుడు మాత్రం సుఖుమివి.

ఇందులో మనలాంటి దేశాల వాటా కూడా ఉందండీ. లోకమంతా తలుపు మూసేస్తే, తెరిచి ఉన్న ఒక్క తలుపులోంచే వాళ్లు వెళ్లాలి. వాళ్ల డిగ్రీ రష్యా దాటితే దాదాపు ఎక్కడా చెల్లదు, బ్యాంకు నుంచి బయటికి డబ్బు కదలదు. చదువుకైనా వైద్యానికైనా మాస్కో దారే. గుర్తించకపోవడం సరైన విధానమే అనుకుందాం. గుర్తించకుండా, పలకరించకుండా ముప్పై ఏళ్లు గడిపితే లాభపడింది మాత్రం మాస్కోయే.

2024 చలికాలం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మొత్తం వ్యవహారం ఆ నాలుగు నెలల్లో బట్టబయలైంది. సెప్టెంబరులో రష్యా సామాజిక చెల్లింపులు ఆపేసింది. టీచర్లకు, డాక్టర్లకు, పోలీసులకు వచ్చే జీతంలో కోత పడింది. ఆపడానికి కారణం, అబ్ఖాజియా కొన్ని హామీలను నెరవేర్చలేదన్నది. అంతకుముందు జూలైలో, విదేశీయులు అపార్టుమెంట్లు కొనుక్కునేలా తెచ్చిన బిల్లును జనం వ్యతిరేకతతో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అక్టోబరు 30న మాస్కోలో పెట్టుబడుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రష్యా కంపెనీలకు పన్ను రాయితీలు, ఆస్తి హక్కులు అందులో ఉన్నాయి. రెండున్నర లక్షలైనా లేని జనాభాలో అబ్ఖాజులు సగం మాత్రమే. డబ్బున్నవాళ్లు వచ్చి సముద్రం ఒడ్డున భూములు కొనేస్తే తమ నేల మీద తామే మిగలమన్న టెన్షన్ వాళ్లది. హైటెక్ సిటీ చుట్టూ పొలాలు అమ్ముకుని అదే లేఅవుట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరినవాళ్లను చూసిన మాకు ఆ టెన్షన్ కొత్తదేమీ కాదు.

నవంబరులో ప్రతిపక్ష నాయకులు కొందరిని అరెస్టు చేస్తే జనం వంతెనలు దిగ్బంధించారు. 15వ తేదీన ఒప్పందం ఆమోదానికి పార్లమెంటు కూర్చోబోతుండగా, లారీతో ఇనుప గేటు లాగేసి లోపలికి వెళ్లారు. నాలుగు రోజుల్లో అధ్యక్షుడు అస్లాన్ బ్‌జానియా రాజీనామా చేశాడు. డిసెంబరు 3న పార్లమెంటు ఆ ఒప్పందాన్ని తిరస్కరించింది. నిజాం రాజ్యంలో ఎవరికీ దక్కని అవకాశం అది: ఒడంబడిక కాగితాన్ని జనమే ఆపగలిగారు.

ఆ వెంటనే చలి, చీకటి. కరెంటు పుట్టించే ఇంగురి నదిలో నీళ్లు తగ్గాయి. కరెంటు మితిమీరి వాడేశారు, క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్లతో డిజిటల్ నాణేలు పుట్టించే) యంత్రాలు కూడా అందుకు కారణం. అది వాళ్ల తప్పే. రోజులో చాలా గంటలు కరెంటు లేక బడులు మూశారు. కొత్త సంవత్సరం ముందు రష్యా బజారుకు వెళ్లే కమలాపండ్ల లోడ్లను, పురుగులున్నాయంటూ కొన్నాళ్లు ఆపారు. రైతులకు ఏడాది ఆదాయమంతా ఆ వారాల్లోనే వస్తుంది. డిసెంబరు 23న రష్యా మానవతా సాయంగా కరెంటు ఇచ్చింది. 2025 మార్చి 1న రెండో విడత ఎన్నికలో మాస్కో మొగ్గు చూపిన బద్రా గున్బా గెలిచాడు. మే 1 నుంచి సుఖుమి విమానాశ్రయంలో ముప్పై ఏళ్ల తర్వాత ప్రయాణికుల విమానాలు దిగుతున్నాయి, రష్యా నుంచి.

రష్యా సైన్యం తుపాకీ పేల్చలేదు. ఓటు కూడా వేశారు. కానీ జీతం, కరెంటు, కమలాపండు మూడూ ఒకే చోట నుంచి ఆగి, ఒకే చోట నుంచి మొదలైతే ఆ ఓటుకు ఎంత స్వేచ్ఛ ఉంటుంది?

ఇంగురి ప్రాజెక్టు గురించి ఒక మాట. 271 మీటర్ల ఎత్తైన ఆ ఆనకట్ట జార్జియా చేతిలో ఉంది. సొరంగం గుండా నీళ్లు వెళ్లి కరెంటు పుట్టే పవర్‌హౌస్ అబ్ఖాజియా వైపు గాలి జిల్లాలో ఉంది. యుద్ధం చేసుకున్న రెండు పక్షాలూ రాతకోతలు లేకుండా 60, 40 వాటాల లెక్కన దశాబ్దాలుగా నడుపుకుంటున్నాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ నీళ్ల దగ్గర మన రెండు రాష్ట్రాల గొడవ ఏటా చూసేవాణ్ని నేను. శత్రువులై ఉండి కూడా వాళ్లు ఆ స్టేషన్‌ను ఆపలేదన్నది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. సుఖుమి, తబిలిసి నేరుగా మాట్లాడుకోగలవనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అదే గాలి జిల్లాలో మిగిలిన జార్జియన్ల గోడు ఎవరూ వినడం లేదు. 2015 నుంచి వాళ్ల బడుల్లో జార్జియన్ మాధ్యమం తీసేసి రష్యన్ పెట్టారు. అబ్ఖాజుల భాషను కాపాడుకోవాలని పుట్టిన ఉద్యమం చివరికి ఇంకొకరి పిల్లలకు తల్లిభాష లేకుండా చేసింది. ఆ స్థానంలో వచ్చింది అబ్ఖాజు భాష కూడా కాదు.

రష్యా మనకు పాత మిత్రదేశం, ఆ స్నేహం విలువ నాకు తెలుసు. కానీ మన పొరుగున ఒక మంచి ఉదాహరణ మనమే చూపించాం. 1949 ఒప్పందంలో భూటాన్ విదేశాంగ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకోవాలని ఉండేది. 2007 ఫిబ్రవరిలో ఆ షరతును తొలగించి కొత్త ఒప్పందం చేసుకున్నాం. స్నేహం చెడలేదు, ఇంకా గట్టిపడింది. ఇంకోవైపు, 1950లో మన రక్షణ కిందికి వచ్చిన సిక్కిం 1975లో మన రాష్ట్రమైంది. అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది నిజమే, అయినా ఆ పాతికేళ్ల క్రమం మీద ఈనాటికీ చర్చ ఉంది. రెండూ మన చరిత్రే. రెండు దారులూ తెలిసిన దేశంగా, మాస్కోలో మీరు కూర్చున్నప్పుడు, చిన్న జనాల అంగీకారాన్ని కరెంటుతో, పింఛనుతో కొనకూడదని చెప్పే అర్హత మనకుంది. భూటాన్ సంగతి ఉదాహరణగా చెప్పండి. స్నేహితుడి మాటగా వింటారు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందుకు ఏటా అబ్ఖాజియా, అలాగే జార్జియా నుంచి విడిపోయిన మరో ప్రాంతం దక్షిణ ఒసేషియా నిర్వాసితులు తమ ఇళ్లకు తిరిగి వెళ్లే హక్కు మీద తీర్మానం వస్తుంది. దానికి మన దేశం అనుకూలంగా ఓటు వేయాలి. ఇల్లు వదిలి వచ్చినవాళ్లను దేశవిభజన నాటి నుంచి చూసిన మనం ఆ ఓటుకు వెనకాడాల్సిన పని లేదు.

చదువు విషయానికి వస్తే, మా తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం మీ శాఖ సహకారంతోనే ఎన్నో దేశాలవాళ్లకు ఇంగ్లీషు నేర్పుతోంది. జార్జియా అబ్ఖాజియావాసులకు పౌరసత్వంతో సంబంధం లేని తటస్థ ప్రయాణ పత్రాలు ఇస్తోంది. తబిలిసి ఒప్పుకుంటే, ఆ పత్రాల మీద సుఖుమి, గాలి నుంచి కొందరు విద్యార్థులను ఇక్కడికి రానివ్వండి. పదిమందే అయినా ఫరవాలేదు. ఇంకో తలుపు తెరవడం అంటే అదే. వాళ్లకు అద్దెకు గదులు వెతికి పెట్టేవాళ్లు మా వీధుల్లో చాలామంది ఉన్నారు.

ఇక మన పిల్లల సంగతి, ఇది ఆలస్యం చేయకండి. రష్యాలో చదివే తెలుగు విద్యార్థులు సెలవుల్లో సోచీ వెళ్తారు. అక్కడి నుంచి సరిహద్దులోని ప్సూ నది దాటితే అబ్ఖాజియాలోని గాగ్రా బీచ్. జార్జియా 2008లో చేసిన ఆక్రమిత ప్రాంతాల చట్టం ప్రకారం రష్యా వైపు నుంచి అబ్ఖాజియాలోకి వెళ్లడం నేరం. ఆ తర్వాత ఎప్పుడైనా జార్జియాలో అడుగుపెడితే కేసు ఎదుర్కోవాల్సి రావచ్చు. విమానాశ్రయం తెరిచాక ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. అక్కడ పాస్‌పోర్టు పోయినా, ఆస్పత్రిలో చేరినా ఆదుకోవడానికి మన రాయబార కార్యాలయం లేదు. ఇదంతా స్పష్టంగా చెప్పే ప్రయాణ సూచన మీ శాఖ నుంచి తెలుగులో, మలయాళంలో, హిందీలో రావాలి. సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసులో, కన్సల్టెన్సీల గోడల మీద అది కనిపించాలి. వేసవి సెలవులు మొదలయ్యేలోపు వస్తే మరీ మంచిది.

భవదీయుడు,
హైదరాబాద్‌కు చెందిన ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్