నగరం మన ఒంటిని ఏం చేస్తోందో లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

శివారు మున్సిపాలిటీలను హైదరాబాద్ మహానగరంలో కలపడం గురించి కొన్ని నెలలుగా మీ పత్రికలో చాలా చదివాను. వార్డుల హద్దులు, ఆస్తి పన్ను, నాలాలు, మంచినీళ్లు, అన్నీ మాట్లాడుకోవలసినవే. కానీ నిన్నటిదాకా పల్లెలుగా ఉండి నగరంలో కలిసిపోయిన ఈ ఊళ్లలో మనుషుల ఆరోగ్యం పదేళ్ల తర్వాత ఎలా ఉంటుంది, దాన్ని కనిపెట్టి చూసేది ఎవరు అన్న ప్రశ్న ఎక్కడా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. 1988లో ఉద్యోగం వచ్చి పట్నం చేరాను. తమ్ముడు ఊళ్లోనే వ్యవసాయం చూసుకుంటూ ఉండిపోయాడు. నాకు నలభై నాలుగో ఏట షుగర్ వచ్చింది, ఆ వెనకే బీపీ. తమ్ముడికి మొన్నమొన్నటిదాకా ఏదీ లేదు. "పట్నం నీళ్లు నీకు పడలేదురా" అని మా అమ్మ ఎప్పుడూ బాధపడేది. ఆమె మాట నిజమే కావచ్చు, కానీ ఒక ఇంటి అన్నదమ్ములను చూసి లెక్క తేల్చకూడదు కదా.

అదే లెక్కను వేల మంది మీద చేసినవాళ్లు ఉన్నారని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. 2005-07 మధ్య ఇండియన్ మైగ్రేషన్ స్టడీ పేరుతో ఒక పరిశోధన జరిగింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరుల్లో ఒక్కో పెద్ద కర్మాగారాన్ని తీసుకున్నారు. మన దగ్గర బీహెచ్ఈఎల్. పల్లెల నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్నవాళ్లను, వాళ్ల జీవిత భాగస్వాములను పరీక్షించారు. అక్కడితో ఆగకుండా, ఊళ్లో ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను కూడా వెతికి పట్టుకుని అవే పరీక్షలు చేశారు. పోలికకు పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్లనూ చూశారు. మొత్తం 6,510 మంది.

తోబుట్టువులే ఎందుకంటే, పట్నం వచ్చేవాడికీ ఊళ్లో ఉండేవాడికీ మొదటినుంచీ తేడాలుంటాయి. చదువు, కులం, ఆస్తి, ఒంట్లో ఓపిక, ఇవన్నీ కలగలిసిపోతే నగరం చేసిన చెడు ఎంతో విడదీయలేం. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచంలో తిని పెరిగిన ఇద్దరిని పోలిస్తే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఫలితం చూడండి. మగవాళ్లలో ఊబకాయం పల్లెల్లో ఉన్నవాళ్లకు 19 శాతం, పట్నం వచ్చినవాళ్లకు 37.8 శాతం, పట్నంవాళ్లకు 41.9 శాతం. షుగర్ పల్లెల్లో 6.2 శాతం, వలస వచ్చినవాళ్లలో 14.3, పట్నంవాళ్లలో 13.5. ఈ రెండు విషయాల్లో ఆడవాళ్ల అంకెలూ ఇదే దారిలో ఉన్నాయి. అంటే పల్లెలో గడిచిన బాల్యం, చిన్నప్పటి జొన్నరొట్టె, చెరువు ఈతలు మమ్మల్ని కాపాడలేదు. షుగర్ విషయంలో పట్నంవాళ్లతో సమానమైపోయాం. ఇదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. పట్నం చేరిన మొదటి పదేళ్లలోపే ఒంట్లో కొవ్వు గబగబా పెరుగుతుంది, మిగతా ప్రమాదాలు నెమ్మదిగా ఏళ్ల తరబడి పెరుగుతాయి. నా మట్టుకు నాకు ఇందులో అన్నిటికంటే విలువైన మాట ఇదే. పట్నం చేరిన కుర్రవాణ్ని ఆ తొలి పదేళ్లలో పలకరిస్తే చాలా ఆపవచ్చు. మనం మాత్రం నలభై ఐదో ఏట ఆసుపత్రిలో పలకరిస్తున్నాం.

పోయిన సంక్రాంతికి ఊరెళితే తమ్ముడూ షుగర్ మాత్ర వేసుకుంటున్నాడు. ఆశ్చర్యపోయాను కానీ, ఆలోచిస్తే వింతేమీ లేదు. నాగలి పట్టి ఎన్నేళ్లయిందో. పొలానికి బండి మీద వెళ్తాడు, మోటారు ఫోన్లోంచే వేస్తాడు. వాడు పట్నం రాకపోయినా పట్నమే వాడి దగ్గరికి వచ్చింది.

పట్నం అంచు పల్లెల్లో మనుషుల ఒళ్లు ఎలా ఉంటోందో చూసిన పరిశోధన కూడా మన దగ్గర ఉంది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు పౌష్టికాహారం ఇచ్చి ఒక ప్రయోగం చేశారు. ఆ పిల్లలను, తర్వాత వాళ్ల తల్లిదండ్రులను కూడా ఏళ్ల తరబడి వదలకుండా పరీక్షిస్తూ వచ్చారు. అలా నగరం అంచున ఉన్న 28 ఊళ్లలో 3,717 మందిని చూస్తే, గాలిలో సన్నటి ధూళి ఎక్కువ ఉన్నచోట వెన్ను, తుంటి ఎముకల్లో బలం తక్కువగా ఉందని 2020లో ప్రకటించారు. ఆ ఊళ్లలో ఈ సన్నటి ధూళి (దీన్నే పీఎం 2.5 అంటారు) సగటు ఘనపు మీటరు గాలికి 32.8 మైక్రోగ్రాములు. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ప్రభుత్వం లెక్కలో అది హద్దు దాటని గాలి కిందే పోతుంది.

ఇలాంటి సంగతి ఏ ఒక్క డాక్టరుకూ తన గదిలో కూర్చుంటే తెలియదు. వ్యాధి ఎవరికి వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఎంతమందిలో ఎంతమందికి వస్తోంది అని జనం మొత్తాన్ని చూసే శాస్త్రం ఒకటుంది, ఎపిడెమియాలజీ అంటారు. అందులో ప్రాణమంతా హారంలో, అంటే భిన్నంలో గీత కింద రాసే అంకెలో ఉంటుంది. ఫలానా కాలనీలో కిడ్నీ రోగులు నలభై మంది అన్న వార్త చదివితే టెన్షన్ పడతాం. రెండు వేల మందిలో నలభయ్యా, ఇరవై వేల మందిలోనా? అది చెప్పనిదే ఆ అంకెకు అర్థం లేదు.

మరి మన హారం ఏది? 2011 జనాభా లెక్కలే ఇంకా వాడుతున్నాం. ఆ తర్వాత కోకాపేట, నార్సింగి ఎలా మారిపోయాయో అందరికీ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే షుగర్, బీపీ అంకెలు ఇస్తుంది కానీ జిల్లాకు ఒక్క వరుసే. బంజారాహిల్స్ బంగళా, పాతబస్తీ ఒంటిగది ఇల్లు, రెండూ కలిపి ఒకే సగటు. చావుల సంగతి ఇంకా దారుణం. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో 22.5 శాతానికే కారణం డాక్టరు ధ్రువీకరించాడు. మిగతావాళ్లు ఎందుకు పోయారో మనకు తెలియదు.

నాకు పట్నం మీద కోపం లేదు. మా అమ్మకు గుండెపోటు వస్తే గంటలో ఆసుపత్రికి చేర్చగలిగింది ఇక్కడ కాబట్టే. అందరూ పల్లెలకు వెళ్లిపోండి అనడం సులువు, దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. పట్నంలో ఏది చెరుపు చేస్తోంది? గాలా, నిద్ర లేకపోవడమా, రోజూ రెండు గంటల బస్సు ప్రయాణమా, నడవడానికి ఫుట్‌పాత్ లేకపోవడమా? వీటిని విడదీసి చెప్పగలిగితేనే దేని మీద డబ్బు పెట్టాలో తెలుస్తుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఇది. పాతబస్తీలో కొన్ని వార్డులు, అపార్టుమెంట్ల వార్డులు కొన్ని, కొత్తగా కలిసిన ఊళ్లు కొన్ని ఎంచుకుని కొన్ని వేల కుటుంబాలను కనీసం ఇరవై ఏళ్లపాటు పరిశీలించండి. రెండు మూడేళ్లకోసారి అవే ఇళ్లకు వెళ్లి అవే కొలతలు తీసుకోండి. ఇల్లు మారినవాళ్లను వదిలేయకండి, ఎక్కువ అద్దె కట్టలేక దూరం వెళ్లిపోయేవాళ్లే ముందు జబ్బున పడతారని నా అనుమానం. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, బస్తీ దవాఖానాలు ఉన్నాయి, ఇంటింటికీ తిరిగే ఆశాలు ఉన్నారు. మనుషుల కొరత లేదు. పేర్లు బయటపెట్టకుండా వార్డులవారీగా, వయసులవారీగా మరణ కారణాలను ఏటా ప్రకటించండి. పరీక్షకు చెయ్యి చాపినవాళ్లకు ఫలితం వాళ్ల భాషలో చెప్పి వెళ్లండి. సర్వే అనగానే జనం తలుపు వేసుకుంటున్నారంటే, వచ్చి రాసుకుని పోయినవాళ్లు మళ్లీ ముఖం చూపించకపోవడమే కారణం.

ఈసారి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. పదహారేళ్ల తర్వాత మనకు సరైన హారం దొరకబోతోంది. ఆరోగ్య పరిశీలన కూడా అప్పుడే మొదలుపెడితే మొదటి కొలత నికరంగా ఉంటుంది. నాలాంటి రిటైర్డ్ టీచర్లు ఎన్నో జనగణనల్లో, ఎన్నికల్లో ఇల్లిల్లూ తిరిగినవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. పిలిస్తే ఫారాలు నింపడానికి వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
లింగంపల్లి, హైదరాబాద్